డిజబిలిటీ పెన్షన్ ఇప్పిస్తామంటూ ఎరియర్స్‌లో పాతిక శాతం అడుగుతున్నారు, నమ్మొచ్చా?

ఫౌజీ_కూతురు
నాన్న ఆర్మీలో హవల్దారుగా చేసి 2009లో రిలీజయ్యారు. వెళ్లేటప్పుడు మెడికల్ బోర్డు బీపీకి 30 శాతం డిజబిలిటీ రాసింది. కానీ కిందే "సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు" అని కొట్టేశారు. సర్వీస్ పెన్షన్ వస్తోంది, డిజబిలిటీ ముక్క మాత్రం రాలేదు. ఆయనా అప్పట్లో పట్టించుకోలేదు.

ఇప్పుడు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక కన్సల్టెన్సీ దిగింది. 2009 నుంచి లెక్కగట్టి పద్నాలుగు లక్షల పైచిలుకు ఇప్పిస్తారట, ఆరు నెలల్లో, గ్యారంటీగా. రిజిస్ట్రేషన్‌కి 9,500. డబ్బు పడ్డాక ఎరియర్స్‌లో 25 శాతం. వీటితో పాటు ఒరిజినల్ డిస్చార్జ్ బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం), స్పర్శ్ (పెన్షన్ వెబ్‌సైటు) యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు కావాలన్నారు.

నాన్న సగం ఒప్పేసుకున్నారు. వాళ్లలో ఒకాయన ఎక్స్ సర్వీస్‌మన్ అట, "తోటి ఫౌజీ మోసం చెయ్యడు" అంటున్నారు. నాకు ఆ చెక్కుల దగ్గరే మనసు ఒప్పడం లేదు. ఇలాంటివాళ్లని నమ్మొచ్చో లేదో ఎలా తేల్చుకోవాలి?

మాధవరం_మనవడు
గ్యారంటీ అన్న మాట వినబడగానే చెప్పులేసుకుని బయటికి వచ్చెయ్యాలి. కోర్టులో జడ్జిగారే గ్యారంటీ ఇవ్వరు, వీళ్లెవరు ఇవ్వడానికి?

అయినా డబ్బు పడ్డాక కదా వాటా, ముందే చెక్కులెందుకంట?

సుబేదార్_రిటైర్డ్
అమ్మా, మొదట ఒక పని చెయ్యి. స్పర్శ్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దని నాన్నకి గట్టిగా చెప్పు. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకోవచ్చు.

"తోటి ఫౌజీ" అన్న మాట మీదే వీళ్ల వ్యాపారమంతా నడుస్తోంది. బోర్డు మీద జెండా, తుపాకీ, మూడు సింహాలు. ఆ సింహాల బొమ్మని ప్రైవేటువాళ్లు ఇష్టమొచ్చినట్టు వాడకూడదని 2005లో చట్టమే చేశారు. అది పెట్టుకున్నవాడి గుమ్మం తొక్కాల్సిన పని లేదు. పేరులో "సైనిక్", "వెటరన్", "సెల్" అని ఉంటే గవర్నమెంటుదేమో అనుకుని మనవాళ్లు సెల్యూట్ కొట్టి మరీ కాగితాలిస్తారు. ఫౌజీలో ఇరవై ఏళ్లు ఎవడు ఏ కాగితం అడిగినా ఇచ్చి అలవాటు, అది ఇంటికొచ్చాకా పోదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. అక్కడ పైసా తీసుకోరు. ముందు అక్కడికి వెళ్లమను.

సముద్రం_చూసినోడు
సుబేదార్ సాబ్, ఫ్రీ ఫ్రీ అంటారు గానీ ఆ ఫ్రీ ఎలాగుంటాదో కూడా చెప్పండి. నేను నేవీలో చేసి వచ్చినాను. నేనెళ్లిన ఆఫీసులో కాగితం ఇలాగ తిప్పి చూసి "మీ సర్వీసు రికార్డ్స్ ఆఫీసుకి రాసుకోండి" అన్నారు. అంతే. రికార్డ్స్‌కి ఏటి రాయాల, ఎవుల పేరున రాయాల, చెప్పినోడు లేడు.

నేను ఏజెంటుని పట్టుకున్నాను. డబ్బిచ్చినాను. పని అయింది. అందర్నీ దొంగలంటే ఎలాగ? వాళ్లు లేకపోతే నాకు ఇప్పటికీ ఒక్క రూపాయి కూడా వచ్చేది కాదు.

మాధవరం_మనవడు
@సముద్రం_చూసినోడు ఎంతిచ్చారన్నా? పర్సెంటేజా, ఒకే మొత్తమా?

సముద్రం_చూసినోడు
ఒకటే మొత్తం. ముందే మాటాడుకున్నాం. లాయరు చెన్నైలో, ఆయన పేరు మీదే వకాలత్ మీద సంతకం పెట్టినాను, ఫోన్లో మాటాడినాను కూడా. చెక్కులూ పాస్‌వర్డూ ఎవులూ అడగలేదు. ఫొటోస్టాట్లు ఇచ్చినాను, ఒరిజినల్ చూపించి వెనక్కి తెచ్చేసుకున్నాను.

సుబేదార్_రిటైర్డ్
అయితే నువ్వు చెప్పేదీ నేను చెప్పేదీ ఒకటే కదయ్యా. నువ్వు లాయరుకి ఫీజిచ్చావు. ఈ అమ్మాయి నాన్నని అడుగుతున్నది వాటా.

ట్రిబ్యునల్_వకీలు
నేను ఈ కేసులు చేస్తాను కాబట్టి నా మాట కొంచెం తగ్గించే వినండి, నాకూ ఇది బతుకుతెరువే. కానీ రెండు మూడు సంగతులు సూటిగా చెప్పాలి.

మొదట ఆ పద్నాలుగు లక్షలు. మీ నాన్నగారు గెలిచారనే అనుకుందాం. బోర్డు 30 శాతం రాసినా బ్రాడ్ బ్యాండింగ్‌లో, అంటే శాతాన్ని పై మెట్టుకి పెంచే పద్ధతిలో, 50గా లెక్కేస్తారు. జబ్బు వల్ల మధ్యలోనే ఇంటికి పంపేసిన ఇన్వాలిడ్ కేసులకే కాదు, టర్ము పూర్తిచేసి వచ్చినవాళ్లకీ ఇది వర్తిస్తుందని 2014 డిసెంబర్లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నూటికి నూరు శాతం డిజబిలిటీ ఉంటే చివరి జీతంలో 30 శాతం ఇస్తారు, యాభైకి అందులో సగం, అంటే 15 శాతం. లెక్క కోసం జీతం 35,000 అనుకుంటే 5,250. డీఆర్ (కరువు భత్యం) కలిపితే నెలకి ఎనిమిది వేల చుట్టుపక్కల.

దీన్ని వాళ్లు 2009 దాకా గుణించేశారు. అక్కడే ఉంది కిటుకు. ఇన్నేళ్లు ఆలస్యంగా వచ్చినవాళ్లకి సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్ మామూలుగా పిటిషన్ వేసిన తేదీకి ముందు మూడేళ్ల బకాయిలే ఇస్తూ వస్తోంది. 2008లో తర్సేమ్ సింగ్ కేసు నుంచీ ఇదే దారి. అంతకు మించి వచ్చిన సందర్భాలు లేవనను, కానీ ముందే లెక్కగట్టి చేతిలో పెట్టగలిగినది కాదు. మూడేళ్లకంటే, పాత డీఆర్ తక్కువ కాబట్టి, సుమారు 2 లక్షల 80 వేలు. అందులో పాతిక శాతం 70 వేలు.

ఇది తెలిసి పద్నాలుగు లక్షలని చెప్పారంటే మోసం. తెలియక చెప్పారంటే వాళ్లకి ఈ పనే రాదు. ఏదైనా ఒకటే.

ఫౌజీ_కూతురు
ఈ లెక్క నాన్నకి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "70 వేలు పోయినా మిగతా 2 లక్షలు మనవే కదా" అన్నారు.

మాధవరం_మనవడు
ఫౌజీ లాజిక్‌తో వాదించడం కష్టమమ్మా. మా తాత దగ్గర నేను ఇప్పటిదాకా ఒక్కసారీ నెగ్గలేదు. మాది మిలిటరీ మాధవరం, ఇంటికో ఫౌజీ, ఊరి పేరులోనే మిలిటరీ. సాయంత్రం అరుగు మీద పెన్షన్ లెక్కలు తప్ప ఇంకో మాట ఉండదు, ఇంకా ఏ ఇద్దరికీ లెక్క కలవలేదు.

కరీంనగర్_జవాన్
మా బావమర్దిది గిసొంటి కథనే. ఒరిజినల్ డిస్చార్జ్ బుక్కు వాళ్ల చేతుల పెట్టిండు. ఏడాది అయినంక కేసు ఏమైందంటే "ఫైలు చెన్నైల ఉన్నది" అంటరు. నంబరు చెప్పుండ్రి అంటే చెప్పరు. బుక్కన్న వాపస్ ఇయ్యుండ్రి అంటే మిగిలిన పైసలు కట్టుమంటరు.

ఇంతల బ్యాంకుల గార్డు నౌకరి పడ్డది, ఎక్స్ సర్వీస్‌మెన్ కోటాల. బుక్కు లేకుంట అప్లై ఎట్ల జేస్తడు? ఆఖరి తారీఖు పోయింది. పెన్షన్ సంగతి దేవుడెరుగు, చేతికొచ్చిన నౌకరి పాయె.

ఒరిజినల్ మాత్రం ఇయ్యకుండ్రి. చేతులెత్తి మొక్కుత.

ట్రిబ్యునల్_వకీలు
@కరీంనగర్_జవాన్ బుక్కు ఆపి పెట్టుకోవడానికి వాళ్లకి ఏ హక్కూ లేదు. పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వమనండి, ఆ రసీదు పెట్టి డూప్లికేట్ కోసం రికార్డ్స్‌కి రాయొచ్చు. చాలాసార్లు స్టేషన్ నుంచి ఒక్క ఫోన్ వెళ్లగానే బుక్కు కొరియర్లో వచ్చేస్తుంది.

ఇక చెక్కుల సంగతి, పైన మాధవరం తమ్ముడు అడిగింది. ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం.

1871 నాటి పెన్షన్ల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం, ఇంకా చేతికి రాని పెన్షన్ డబ్బులో ఇంత నీకిస్తానని ముందే రాసిచ్చే ఒప్పందం చెల్లదు. స్టాంపు పేపరు మీద రాసినా చెల్లదు, నోటరీ చేయించినా చెల్లదు. అంటే మీ నాన్న రేపు వాటా ఇవ్వనంటే ఆ అగ్రిమెంటు పట్టుకుని కోర్టుకి వెళ్లినా వాళ్లకి పని జరగదు. ఈ సంగతి వాళ్లకి బాగా తెలుసు. అందుకే ఖాళీ చెక్కు. అంకె వాళ్లే వేసుకుంటారు, బ్యాంకులో వేస్తారు, బౌన్సయితే 138 సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసు పెడతామని బెదిరిస్తారు. పెన్షన్ గొడవ కాస్తా చెక్కు గొడవ అవుతుంది. సమన్లు అనగానే పెద్దాయన భయపడి కట్టేస్తాడు.

లాయర్లయితే అసలు వాటా అడగనే కూడదు. గెలిస్తే ఇంత అని మాట్లాడుకోవడం, వచ్చే డబ్బులో భాగం పంచుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్‌లో నిషేధం. 2017 డిసెంబర్లో మన తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. యాక్సిడెంట్ పరిహారంలో శాతం ఫీజుగా అడిగి, దానికోసం తీసుకున్న చెక్కు బౌన్సయిందని లాయరు వేసిన కేసుని కొట్టేసింది.

లాయర్లు అడగకూడదు కాబట్టి మధ్యలో ఈ "కన్సల్టెన్సీ" పుట్టింది. వాటా కన్సల్టెన్సీకి, లాయరుకి కేసుకింత అని చిల్లర. ఆ లాయరు మీ నాన్న మొహం కూడా చూడడు.

సముద్రం_చూసినోడు
వకీలు గారూ, ఈ సెక్షన్లన్నీ మాకు ముందే ఎవులైనా చెప్తే బాగుండును. అయితే ఒక్కమాట. పేదోడు ముందు ఫీజు ఎక్కడినుంచి తెస్తాడు? గెలిస్తేనే ఇవ్వు అన్నోడు వాడికి దేవుడే కదా?

ట్రిబ్యునల్_వకీలు
న్యాయమైన ప్రశ్నే. ఆ రూలు వల్ల నిజంగా ఇబ్బందిపడేవాళ్లున్నారు, కాదనను. ఫీజు వాయిదాల్లో తీసుకోవచ్చు, అది తప్పు కాదు. 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ నాల్సావాళ్లు వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టారు, సైనిక్ బోర్డు ఆఫీసుల్లో న్యాయ సహాయ క్లినిక్కులు పెట్టడం దాని ఉద్దేశం. మీ జిల్లాలో తెరిచారో లేదో కనుక్కోండి.

కానీ చూడండి, పైన ఆ కంపెనీ "గెలిస్తేనే" అనలేదు. 9,500 ముందే అడిగింది. వెయ్యిమంది కడితే 95 లక్షలు, ఒక్క కేసూ వెయ్యకుండానే.

నెట్_సెంటర్_వాడు
మా షాపుకి వచ్చే తాతల సంగతి చెబితే మీరు తల పట్టుకుంటారు. స్పర్శ్ పాస్‌వర్డ్ పీపీఓ జిరాక్స్ వెనకాల పెన్నుతో రాసి ఉంటుంది. ఆ జిరాక్స్ ఒకటి కన్సల్టెన్సీకి, ఒకటి బ్యాంకుకి, ఒకటి గ్రూపు లీడరుకి. ఓటీపీ వచ్చిందా తాతా అంటే నాలుగు రోడ్ల కూడలికి వినబడేలా చదువుతారు, పెరేడ్‌లో నంబరు చెప్పినట్టు.

మొన్న ఒకాయన వచ్చి లైఫ్ సర్టిఫికెట్ చెయ్యమన్నారు. లాగిన్ అవుదామంటే ఓటీపీ ఆయన ఫోనుకి రావడం లేదు. చూస్తే మొబైల్ నంబరు మారిపోయి ఉంది. ఎవరు మార్చారు తాతా అంటే "మా కేసు చూసే అబ్బాయి, అన్నీ తనే చూసుకుంటానన్నాడు" అని మురిసిపోతూ చెప్పారు. నంబరు మార్చినవాడు రేపు బ్యాంకు ఖాతా మార్పుకి రిక్వెస్టు పెడితే? ఆయనకి మెసేజ్ కూడా రాదు.

కేసు వెయ్యడానికి పీపీఓ కాపీ చాలు. లాగిన్‌తో వాళ్లకి పనేంటి? అది అడిగినవాడిని ఇంకేమీ అడక్కుండానే పక్కన పెట్టెయ్యొచ్చు.

జై_జవాన్_2025
తెలిసీ తెలియకుండా కంపెనీల మీద బురద చల్లకండి. నేను ఇలాంటి కంపెనీ ద్వారానే లబ్ధి పొందాను. చాలా ప్రొఫెషనల్ సర్వీస్. 100 శాతం సక్సెస్ రేట్. మాజీ సైనికుల సంక్షేమమే వారి ధ్యేయం. లాగిన్ అడిగేది స్టేటస్ చూసి మీకు శ్రమ తప్పించడానికే. వివరాలకు మెసేజ్ చేయండి.

మాధవరం_మనవడు
నిన్న చేరావు, ఇవాళ మొదటి పోస్టు, నోట్లోంచి బ్రోచర్ ఊడిపడింది. ఏ రెజిమెంటు తమ్ముడూ?

సుబేదార్_రిటైర్డ్
ట్రేడ్ ఏంటి? ఏ సెంటర్లో ట్రైనింగ్? ఏ సంవత్సరం పాసింగ్ అవుట్?

ట్రిబ్యునల్_వకీలు
@జై_జవాన్_2025 మీ కేసు ఓఏ నంబరు చెప్పండి చాలు. ట్రిబ్యునల్ వెబ్‌సైట్లో ఆర్డర్లు ఎవరైనా చూడొచ్చు.

నెట్_సెంటర్_వాడు
అన్న లాగౌట్ అయ్యాడు.

ట్రిబ్యునల్_వకీలు
నవ్వులాటకి అడగలేదు. కంపెనీలు "మా విజయాలు" అని పంచే తీర్పు కాపీల్ని అలాగే చూడాలి. మొదటి పేజీలో అప్లికెంట్ తరఫు లాయరు పేరుంటుంది. నేను వాదించిన కేసు తీర్పే ఒక కంపెనీ వాట్సాప్‌లో తమ గెలుపుగా తిరగడం చూశాను. ఎర్ర ఇంకుతో చుట్టి "మన ఇంకో విజయం" అని రాశారు. నా పేరున్న ముక్కని ఫొటోలో కత్తిరించేశారు.

లాయరు పేరు అడగండి, ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి, బార్ కౌన్సిల్లో కనుక్కోండి. పేరు చెప్పడానికి నీళ్లు నమిలితే ఇక మాట్లాడాల్సింది లేదు.

డాలస్_తెలుగు_వెటరన్
ఈ కథంతా చదువుతుంటే ఇక్కడిదే చదువుతున్నట్టుంది. నేను స్టూడెంట్ వీసా మీద వచ్చి, వీసా మీదున్న విదేశీయుల్ని తీసుకునే మావ్ని ప్రోగ్రాంలో యూఎస్ ఆర్మీలో చేరాను. 2016లో ఆ ప్రోగ్రాం ఆగిపోయింది, నాలాంటి మనవాళ్లు ఇక్కడ అక్కడక్కడా ఉన్నారు. బయటికొచ్చాక మోకాళ్లకీ చెవులకీ వీఏ (ఇక్కడి మాజీ సైనికుల శాఖ) దగ్గర డిజబిలిటీ క్లెయిం పెట్టాను. పెట్టకముందే కంపెనీల నుంచి ఫోన్లు మొదలు. వీళ్లకి ఇక్కడ పేరే ఉంది, క్లెయిం షార్కులని.

రూలు చాలా సూటిగా ఉంది. వీఏ దగ్గర అక్రెడిటేషన్, అంటే అధికారిక గుర్తింపు, ఉన్నవాళ్లే క్లెయిం తయారుచెయ్యాలి. మొదటి క్లెయింకి ఎవరూ, లాయరైనా సరే, ఫీజు తీసుకోకూడదు. మొదటి నిర్ణయం వచ్చాక అప్పీలుకి వెళ్తేనే ఫీజు. వెనకటి బకాయిల్లో 20 శాతం దాకా సబబని, 33 శాతం దాటితే సబబు కాదని అనుకుంటారు. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాలవాళ్లు మొత్తం ఉచితంగా చేస్తారు. నాది అలాగే అయింది.

మరి షార్కులెలా బతుకుతున్నారంటే, మేం క్లెయిం వెయ్యం, "కోచింగ్" మాత్రమే ఇస్తాం అంటారు. పెరిగిన నెల పెన్షన్‌కి ఐదారు రెట్లు కట్టించుకుంటారు. అక్రెడిటేషన్ లేకుండా డబ్బు తీసుకుంటే పడే క్రిమినల్ శిక్షని 2006లో తీసేశారు, అప్పటినుంచి పట్టుకునేవాడు లేడు. శిక్ష మళ్లీ పెట్టాలని ఒక బిల్లు, ఈ కంపెనీలకి లైసెన్సిచ్చి ఫీజుకి హద్దు పెడదామని ఇంకో బిల్లు, కాంగ్రెస్‌లో కొట్టుకుంటున్నాయి.

కరీంనగర్_జవాన్
అమెరికాల గూడ గిదే కతనా! మనకే అనుకున్న.

ఫౌజీ_కూతురు
@డాలస్_తెలుగు_వెటరన్ అక్రెడిటేషన్ ఉందో లేదో మామూలు మనిషి ఎలా చూస్తాడండీ?

డాలస్_తెలుగు_వెటరన్
వీఏ సైట్లో పేరు కొడితే వచ్చేస్తుందమ్మా. లాయరా, క్లెయిమ్స్ ఏజెంటా, సంఘం ప్రతినిధా అన్నది కూడా చూపిస్తుంది. పేరు లేకపోతే అక్కడితో ఆగిపోవచ్చు. ఇండియాలో పెన్షన్ కన్సల్టెన్సీలకి అలాంటి జాబితా లేదు కదా, అదే తేడా. అక్కడ మీరు చూసుకోగలిగింది లాయరు పేరొక్కటే.

సుబేదార్_రిటైర్డ్
ఇప్పుడు ఒక చేదు మాట చెబుతాను, ఎవరూ కోప్పడొద్దు. బీపీకి డిజబిలిటీ ఏంటి? నా యూనిట్లో మైన్ మీద కాలు పడి పాదం పోగొట్టుకున్న జవాను ఉన్నాడు. వాడిదీ డిజబిలిటీ, బిర్యానీ తిని బీపీ తెచ్చుకున్నవాడిదీ డిజబిలిటీయేనా? ఈ కంపెనీలు ఊరూరా తిరిగి "షుగరుందా, బీపీ ఉందా, రండి" అని పిలవడంవల్లే పైవాళ్లు అందరినీ అనుమానంగా చూస్తున్నారు. 2023లో డిజబిలిటీ పెన్షన్ రూల్స్ మార్చారంటే ఊరికే మార్చలేదు.

సముద్రం_చూసినోడు
సాబ్, అది అన్యాయం. సబ్‌మెరైన్‌లో నిద్ర లేకుండా వాచ్‌లు చేసినోడికి బీపీ బిర్యానీతో వచ్చిందా?

ఫౌజీ_కూతురు
సుబేదార్ అంకుల్, నాన్నకి బీపీ మొదట బయటపడింది ఆపరేషన్ పరాక్రమ్ టైములో, పాకిస్తాన్ సరిహద్దుకి సైన్యాన్ని తరలించినప్పుడు, రాజస్థాన్ బోర్డర్లో. 2002. అక్కడి ఎంఐ రూములో (యూనిట్ వైద్యశాలలో) రాసిన స్లిప్పు ఇంకా దాచుకున్నారు. దాన్ని బిర్యానీ అంటే ఎలా?

సుబేదార్_రిటైర్డ్
ఫీల్డ్‌లో ఉండగా మొదలైందంటే వేరే మాట. ఆ స్లిప్పు బంగారం. మొదటే రాయాల్సింది కదమ్మా.

ట్రిబ్యునల్_వకీలు
అవును, అది కేసుకి చాలా పనికొస్తుంది. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని రాసి తీసుకుని, తర్వాత జబ్బు వస్తే అది సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలని, కాదనాలంటే బోర్డు కారణాలు రాయాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ నాన్న బోర్డు ఏం కారణం రాసిందో ముందు చూడాలి. 2023 రూల్స్ ఆ తర్వాత రిలీజైనవాళ్లకి, 2009వాళ్లకి పాత రూల్సే. అయినా గెలుస్తారని నేను చెప్పను. బీపీ కేసులు రెండు వైపులా పోతున్నాయి.

చెయ్యాల్సింది ఇదీ. రికార్డ్స్ ఆఫీసుకి ఆర్‌టీఐ పెట్టండి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి. రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 ఫారం, మెడికల్ డాక్యుమెంట్లు, డిజబిలిటీ తిరస్కరించిన ఉత్తరం, వీటి కాపీలు అడగండి. దరఖాస్తు నాన్న పేరుతో, నాన్న సంతకంతో ఉండాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అవి రాగానే అప్పీలు. అప్పీలు కుదరకపోతేనే ట్రిబ్యునల్. ఆంధ్రా, తెలంగాణావాళ్లకి అది చెన్నై బెంచి.

ఈ ఆర్‌టీఐ కాగితాలు చూడకుండానే "గెలుస్తాం" అన్నవాడు మీ నాన్న ఫైలు గురించి చెప్పడం లేదు, వట్టి అమ్మకం మాటలు చెబుతున్నాడు.

నెట్_సెంటర్_వాడు
రాసేటప్పుడు ఆర్మీ నంబరు, ర్యాంకు, రిలీజ్ తేదీ తప్పకుండా వెయ్యండి. ఆ మూడూ లేకుండా పంపి, జవాబు రాలేదని నా మీదికి వస్తారు.

కరీంనగర్_జవాన్
రిజిస్టర్ పోస్టుల పంపుండ్రి. రసీదు జాగ్రత్త.

నెట్_సెంటర్_వాడు
రిజిస్టర్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారన్నా. స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ అని అడగాలి.

కరీంనగర్_జవాన్
గది గూడ తీసిండ్రా!

ఫౌజీ_కూతురు
అప్‌డేట్. ఆర్‌టీఐ వెళ్లిపోయింది, నాన్న తనే సంతకం పెట్టారు, కాస్త గొణుగుతూ.

కంపెనీకి ఫోన్ చేశాను. లాయరు పేరు అడిగితే "మా లీగల్ టీం" అన్నారు. టీంలో ఒక్కరి పేరైనా చెప్పండంటే "అది కాన్ఫిడెన్షియల్ మేడం". జిరాక్సులు ఇస్తాం, చెక్కులూ పాస్‌వర్డూ ఇవ్వం అన్నాను. "అలాగైతే ఫైలు తీసుకోలేం, నమ్మకం లేనిచోట సేవ చెయ్యలేం" అన్నారు. పెట్టేసే ముందు, ఈ డిస్కౌంటు నెలాఖరు వరకే అని కూడా చెప్పారు. 9,500 డిస్కౌంటు ధరట!

గంట తర్వాత ఆ ఎక్స్ సర్వీస్‌మన్ ఆయన నేరుగా నాన్నకి చేశాడు. "మీ అమ్మాయి చాలా దురుసుగా మాట్లాడింది సార్" అని. నాన్న నాతో ఇవాళ పొద్దున్నుంచి మాట్లాడటం లేదు. టీ కూడా అమ్మ చేత అడిగిస్తున్నారు.

మాధవరం_మనవడు
ఆర్‌టీఐ జవాబు వచ్చేదాకా అలకే. తాత స్టాండర్డు అదే.

సుబేదార్_రిటైర్డ్
నా నంబరు మెసేజ్‌లో పంపుతాను, నాన్న చేత చేయించు. హవల్దార్‌తో సుబేదార్ మాట్లాడితే వింటాడు. నేను కేసు గురించి ఎత్తను. పరాక్రమ్ గురించి మాట్లాడతాను, అక్కడినుంచి మెల్లిగా వస్తాను.

సముద్రం_చూసినోడు
నా లాయరు పేరు కావాలంటే నేనూ మెసేజ్ పెడతాను అమ్మా. వకీలు గారు ఏమీ అనుకోకూడదు.

ట్రిబ్యునల్_వకీలు
అనుకోవడానికేముంది. ఇద్దరు ముగ్గురితో మాట్లాడి ఎంచుకోవడమే మంచిది. ఫీజు ఎంతో, అందులో ఏమేం వస్తాయో ఒక కాగితం మీద రాయించుకోండి, ఎవరి దగ్గరికెళ్లినా సరే. కేసు వెయ్యగానే నంబరు అడిగి తీసుకోండి.

వీరనారి_కొడుకు
మా అమ్మది ఫ్యామిలీ పెన్షన్. నాన్న 1990లలో రిటైరై పోయినేడాది చనిపోయారు. అమ్మ పుట్టినతేదీ రికార్డుల్లో ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఇది సరిచెయ్యడానికి మా దగ్గర ఒకాయన 15 వేలు అడుగుతున్నాడు. పీపీఓ ఫొటో కింద పెట్టాను, చూసి చెప్పండి.

అడ్మిన్
పై పోస్టులో పీపీఓ ఫొటో తీసేశాను. నంబరు, బ్యాంకు ఖాతా, అమ్మగారి పేరు అన్నీ కనిపిస్తున్నాయి. అందరికీ మనవి, కాగితాల ఫొటోలు ఇక్కడ పెట్టకండి.

వీరనారి_కొడుకు
అయ్యో, సారీ అండి. మరి నంబరు చూడకుండా ఎలా చెబుతారు?

సుబేదార్_రిటైర్డ్
నంబరుతో పనిలేదు బాబూ. నాన్న ర్యాంకు, రిలీజైన సంవత్సరం, రికార్డుల్లో అమ్మ పుట్టినతేదీ ఎలా పడిందో అది రాయి చాలు. పార్ట్ టూ ఆర్డర్లో, అంటే కుటుంబ వివరాలు సర్వీసు రికార్డులో ఎక్కించే ఆర్డర్లో, తప్పా, స్పర్శ్‌లో ఎక్కించేటప్పుడు తప్పా అన్నది ముందు తెలియాలి. ఆ 15 వేలు మాత్రం ఇవాళ ఇవ్వకు.